బటన్ మీద మాట రాసే ఉద్యోగం

యూఎక్స్ రైటింగ్‌లోకి మారాలనుకునే ఉపాధ్యాయులకు, డిగ్రీ ముగించిన పిల్లలున్న తల్లిదండ్రులకు: చేతిలో ఉన్న ఏ అనుభవం పనికొస్తుంది, కొత్తగా ఏది నేర్చుకోవాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

హోటల్ గది కోసం ఫోన్‌లో వెతుకుతున్నాం. ఊరి పేరు, తేదీలు వేశాం. కింద ఉన్న బటన్ మీద 'గది బుక్ చేయండి' అని ఉంది. చాలామంది అక్కడ ఆగిపోతారు. ధర ఇంకా సరిగా తెలియదు, గది ఖాళీగా ఉందో లేదో తెలియదు, అప్పుడే బుక్ చేయడమేమిటన్న సంకోచం. గూగుల్ హోటల్ శోధనలో ఇదే ఇబ్బంది వచ్చింది. ఆ బటన్ మీద మాటను 'ఖాళీ ఉందేమో చూడండి' అనే అర్థం వచ్చేలా మార్చారు. దాంతో స్పందన 17 శాతం పెరిగిందని 2017లో గూగుల్ ఐ/ఓ సదస్సులో ఆ సంస్థ రచయిత్రులు చెప్పారు.

అలాంటి మాటలు రాయడమే ఒక ఉద్యోగం. దాని పేరు యూఎక్స్ రైటింగ్. ఈ పనిలో ఉన్నవారిలో ఎక్కువమంది దీన్నే చదువుకుని వచ్చినవారు కారు. పత్రికల నుంచి, అనువాదం నుంచి, కస్టమర్ కేర్ నుంచి, బడి నుంచి వచ్చినవారు ఉంటారు. తాత్కాలిక పోస్టులో ఏళ్లుగా పనిచేస్తున్న టీచర్లు, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లల భవిష్యత్తు గురించి బెంగపడే తల్లిదండ్రులు మన బడుల చుట్టూ చాలామందే ఉన్నారు. వారికి ఈ దారి నిజంగా తెరిచి ఉందా? ఉంటే ఎంతవరకు? ఆశపెట్టకుండా, భయపెట్టకుండా చూద్దాం.

ఏమిటీ పని?

యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే వాడేవారి అనుభవం. 1993లో యాపిల్ సంస్థలో చేరిన డాన్ నార్మన్ తన హోదా పేరులోనే ఈ మాట పెట్టుకున్నారు. తర్వాత అది పరిశ్రమ అంతటా పాకింది. ఒక యాప్‌ని గానీ వెబ్‌సైట్‌ని గానీ వాడేటప్పుడు తెర మీద మనకు ఎదురయ్యే ప్రతి మాటా యూఎక్స్ రచయిత పరిధిలోకి వస్తుంది. బటన్లు, మెనూ పేర్లు, ఫారంలో గడి పక్కన ఉండే సూచన, తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం, ఓటీపీతో వచ్చే ఎస్ఎంఎస్, ఫోన్ చేస్తే వినిపించే 'తెలుగు కోసం రెండు నొక్కండి' వంటి గొంతు, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని రాసినవే.

ప్రకటన రాసేవారి పని జనాన్ని లోపలికి పిలవడం. లోపలికి వచ్చినవారు దారి తప్పకుండా పని ముగించుకుని వెళ్లేలా చూడడం యూఎక్స్ రచయిత పని. అందుకే ఇక్కడ చమత్కారానికి మార్కులు తక్కువ, స్పష్టతకు ఎక్కువ. సంస్థను బట్టి ఈ ఉద్యోగానికి పేరు మారుతుంది. యూఎక్స్ రైటర్, కంటెంట్ డిజైనర్, లోకలైజేషన్ స్పెషలిస్ట్, కాన్వర్సేషన్ డిజైనర్ అనే పేర్లతో ప్రకటనలు వస్తాయి. వీటిలో కంటెంట్ డిజైన్ అనే పేరు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ బృందం వల్ల ప్రచారంలోకి వచ్చింది. 9 ఏళ్ల పిల్లలు చదవగలిగే స్థాయిలో రాయమని ఆ వెబ్‌సైట్ తన రచయితలకు చెబుతుంది. మూడో తరగతికో నాలుగో తరగతికో పాఠం చెప్పినవారికి ఆ స్థాయి ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు.

మాట వెనుక డబ్బు

ఈ రంగంలో అందరూ చెప్పుకునే మరో ఉదాహరణ ఉంది. అమెరికాకు చెందిన వాడుక పరిశోధకుడు జారెడ్ స్పూల్ దాన్ని 2009లో రాశారు. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో సరుకులు ఎంచుకుని డబ్బు కట్టబోయే ముందు ఒక చిన్న ఫారం వచ్చేది. ఈమెయిల్, పాస్‌వర్డ్ వేసి లాగిన్ కావాలి, లేదా రిజిస్టర్ చేసుకోవాలి. కొత్తవారికి ఇది చికాకు. పాతవారికి పాస్‌వర్డ్ గుర్తుండదు. అక్కడితో వదిలేసి వెళ్లిపోయేవారు. పరిశోధన చేశాక 'రిజిస్టర్' బటన్ తీసేసి 'కొనసాగించండి' అని పెట్టారు. కొనడానికి ఖాతా తెరవనక్కర్లేదని పక్కన ఒక వాక్యం రాశారు. కొనుగోలు పూర్తి చేసినవారు 45 శాతం పెరిగారు. మొదటి ఏడాదిలో అదనంగా వచ్చిన అమ్మకాలు 30 కోట్ల డాలర్లు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అక్కడ మారింది మాట ఒక్కటే కాదు. ఖాతా తప్పనిసరి అన్న నిబంధనే పోయింది. జనం ఎక్కడ ఆగుతున్నారో కూర్చుని చూసిన తర్వాతే ఆ మాట పుట్టింది. యూఎక్స్ రచయిత రోజులో సగం సమయం రాయడానికి కాక, ఇలా చూడడానికి, అడగడానికి, డిజైనర్లతోనూ ఇంజనీర్లతోనూ వాదించడానికి పోతుంది.

మన ఇళ్లకు దగ్గరి ఉదాహరణ యూపీఐ. ఇందులో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. పిన్ కొడితే మన ఖాతా నుంచే డబ్బు వెళుతుంది. ఈ ఒక్క సంగతి తెలియనివారిని పట్టుకునే మోసగాళ్లు ఆడిన ఆట అందరూ విన్నదే. 'మీ పాత మంచం కొంటాను, డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి' అంటారు. ఆ క్షణంలో తెర మీద 'అభ్యర్థనను ఆమోదించు' అని ఉంటే అవ్వకు ఏం అర్థమవుతుంది? తనకు డబ్బు వస్తోందనే అనుకుంటుంది. అదే చోట 'మీ ఖాతా నుంచి 5,000 రూపాయలు వెళ్లిపోతాయి' అని ఉంటే చెయ్యి ఆగుతుంది. మంచి మాట ఒక కుటుంబం నెల ఖర్చును కాపాడగలదు. ఈ ఉద్యోగం బరువు అది.

తరగతి గదిలో నేర్చుకున్నది

ఉద్యోగం మారాలనుకునేవారిని మొదట కుంగదీసే ఆలోచన 'మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి' అన్నది. టీచర్ల విషయంలో అది నిజం కాదు. రోజూ చేసే పనుల్ని ఒక్కొక్కటిగా చూడండి.

పాఠ్య ప్రణాళిక: 40 నిమిషాల్లో ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత, ఏది రేపటికి వాయిదా వేయాలి అని మీరు నిర్ణయిస్తారు. కొత్త యాప్ తెరిచిన మనిషికి మొదటి తెరలో ఏం చెప్పాలి, మూడో తెర వరకు ఏది దాచాలి అన్నది అదే నిర్ణయం.

నల్లబల్ల: చివరి బెంచీ వాడికి కూడా కనిపించాలంటే తక్కువ మాటలు, పెద్ద అక్షరాలు కావాలి. ఫోన్ తెర అంతకంటే ఇరుకు.

నోటు పుస్తకాలు దిద్దడం: పదిమంది పిల్లలు ఒకే చోట తప్పు చేస్తే లోపం పిల్లల్లో కాదు, ప్రశ్నలోనో పాఠంలోనో ఉందని మీకు తెలుసు. వాడేవారిని తప్పుపట్టకుండా తెరను తప్పుపట్టడం యూఎక్స్‌లో మొదటి పాఠం.

తప్పు చెప్పే తీరు: 'తప్పు' అని అడ్డంగా కొట్టేసి వదిలే టీచరు ఉంటారు. 'గుణకారం సరిగ్గా చేశావు, కూడికలో ఒకటి కలపడం మరిచావు' అని చెప్పే టీచరు ఉంటారు. తప్పు సందేశం రాయడానికి ఈ రంగం పాటించే సూత్రం రెండో టీచరుదే. ఏం జరిగిందో మామూలు మాటల్లో చెప్పాలి, ఎలా సరిచేసుకోవాలో చెప్పాలి. జేకబ్ నీల్సన్ 1994లో ఇచ్చిన పది సూత్రాల జాబితాలోనూ ఇది ఉంది.

ఖాళీలు పూరించడం: ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. విల్సన్ టేలర్ అనే పరిశోధకుడు 1953లో ఒక పద్ధతి ప్రవేశపెట్టారు. ఒక పేరాలో ప్రతి ఐదో మాటనో ఆరో మాటనో తీసేసి, చదివేవారు ఆ ఖాళీలు ఎంతవరకు సరిగ్గా నింపగలరో చూస్తారు. పేరా ఎంత తేలికగా అర్థమవుతుందో దాన్నిబట్టి లెక్కిస్తారు. క్లోజ్ పరీక్ష అని దీని పేరు. సగటున 60 శాతం ఖాళీలు సరిగ్గా నిండితే ఆ రాత అందుతున్నట్టు లెక్క. ఇవాళ యాప్‌ల రాతను పరీక్షించడానికి కూడా దీన్ని వాడుతున్నారు. మీ ప్రశ్నపత్రంలో మూడో ప్రశ్న ఇదే కదా.

తల్లిదండ్రుల సమావేశం: ఒకే విషయాన్ని చదువుకున్న తండ్రికి ఒకలా, సంతకం మాత్రమే వచ్చిన అమ్మకు మరోలా చెప్పడం మీకు అలవాటు.

ఇతర వృత్తులకూ ఇలాంటి లెక్కే ఉంది. బ్యాంకు కౌంటర్లో పనిచేసినవారికి ఏ ఫారంలో ఏ గడి దగ్గర జనం తికమకపడతారో తెలుసు. కస్టమర్ కేర్‌లో పనిచేసినవారికి జనం తమ ఇబ్బందిని ఏ మాటల్లో చెబుతారో తెలుసు. విలేకరికి గడువులోగా కుదించి రాయడం తెలుసు. ఆసుపత్రిలో నర్సుకు బెదరకుండా చెప్పడం తెలుసు.

రెండు లిపుల మధ్య పెరగడం

హోసూరు పిల్లలు తెలుగుతోపాటు తమిళం చదువుతారు. బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపురంలో మరాఠీ. పైన ఇంగ్లిష్, చాలాచోట్ల హిందీ. యానాంలో ఇల్లూ వీధీ తెలుగే, పాలన పుదుచ్చేరి నుంచి. ఇంట్లో పెద్దవాళ్లకు రేషన్ కార్డు కాగితం, కరెంటు బిల్లు, బస్సు బోర్డు చదివి మన భాషలో చెప్పేది ఈ పిల్లలే. అక్షరాల అనువాదం చేయరు. 'తాతా, ఇక్కడ వేలిముద్ర వేయాలట' అని చెబుతారు. లోకలైజేషన్ అంటే ఇదే. మాటను మార్చడం ఒక్కటే కాకుండా, పనిని అవతలి మనిషికి అందేలా చెప్పడం.

భాషల సరిహద్దులో పెరిగినవారికి మరో జ్ఞానం ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉండే మాటలు ఎక్కడ మోసం చేస్తాయో వారికి తెలుసు. 'అవసరం' అంటే మనకు కావలసినది. తమిళంలో, కన్నడంలో అదే మాటకు తొందర, అత్యవసరం అని అర్థం. హిందీలో 'అవసర్' అంటే అవకాశం. ఒడియాలో అదే మాట తీరికకూ పదవీ విరమణకూ వాడతారు. 'శిక్ష' మనకూ కన్నడిగులకూ దండన, హిందీలో చదువు. ఒకే యాప్‌ను ఐదారు భాషల్లో విడుదల చేసే బృందంలో ఇలాంటివి ముందే పట్టుకునే మనిషి ఎంతో అక్కరకొస్తాడు. ఇది పుస్తకం చదివి రెండు నెలల్లో వచ్చే విద్య కాదు.

తెర మీద తెలుగుకు తనవైన చిక్కులు కూడా ఉన్నాయి. కొన్ని చూడండి.

మొదటిది, పేరు పక్కన విభక్తి. ఇంగ్లిష్‌లో రాసిన వాక్యంలో పేరు కోసం ఒక ఖాళీ వదిలితే సరిపోతుంది. తెలుగులో 'రవికి' అనాలి, 'సీతకు' అనాలి. యంత్రం అందరికీ ఒకే ప్రత్యయం అతికిస్తే కొన్ని పేర్ల దగ్గర ఎబ్బెట్టుగా ఉంటుంది. తెలివైన రచయిత వాక్యాన్నే మార్చి 'అందుకునేవారు: రవి' అని రాస్తారు. చిక్కు పోయింది.

రెండోది, క్రియ. 'డబ్బు పంపాడు' అనాలా, 'పంపింది' అనాలా? పేరునుబట్టి యంత్రానికి తెలియదు. 'పంపారు' అంటే గౌరవమూ ఉంటుంది, తప్పూ ఉండదు.

మూడోది, ఏకవచనం, బహువచనం. '1 సందేశాలు' అని తెర మీద చూసే ఉంటారు. 1కి ఒక వాక్యం, మిగతా అంకెలకు మరో వాక్యం రాసిపెట్టాలి. సాఫ్ట్‌వేర్‌లో అందుకు ఏర్పాటు ఉంది. రాసేవారు అడగాలి అంతే.

నాలుగోది, 'రద్దు'. 'టికెట్ రద్దు చేయాలా?' అని అడిగి కింద 'సరే', 'రద్దు చేయి' అని రెండు బటన్లు పెడితే ఏది నొక్కాలి? రెండోది టికెట్‌ను రద్దు చేస్తుందా, ఈ ప్రశ్ననే రద్దు చేస్తుందా? 'టికెట్ రద్దు చేయండి', 'టికెట్ ఉంచండి' అని రాస్తే ఆలోచించాల్సిన పనే ఉండదు.

ఐదోది, లిపి. మన ఒత్తులు గీత కిందికి దిగుతాయి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచి చేసిన బటన్‌లో అవి తెగిపోతాయి. మాట పొడవు కూడా పెరుగుతుంది. 'కంపెనీ ఇంగ్లిష్ బటన్‌లో మన తెలుగు పట్టదు' అని డిజైనర్‌కు మొదట్లోనే చెప్పగలగాలి.

ఆరోది, పదం ఎంపిక. బ్యాలెన్స్ అనాలా, నిల్వ అనాలా, మిగులు అనాలా? పాస్‌వర్డ్‌ను సంకేతపదం అంటే ఎంతమందికి తెలుస్తుంది? జనం నోట ఉన్న మాటే తెర మీద ఉండాలని ఈ రంగం సూత్రం. అయితే హైదరాబాద్ నోట ఉన్నదీ కృష్ణగిరి నోట ఉన్నదీ ఒకటి కాకపోవచ్చు. అడిగి తెలుసుకోవాలి.

ఉద్యోగం వదలకుండా ఆరు నెలలు

ఉన్న జీతం వదిలి ఈ దారిలో దిగమని ఎవరికీ చెప్పకూడదు. వారానికి ఆరేడు గంటలు కేటాయించగలిగితే ఆరు నెలల్లో ఈ పని మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

మొదటి రెండు నెలలు చదవడం, చూడడం. గూగుల్ వారి మెటీరియల్ డిజైన్‌లోనూ యాపిల్ వారి డిజైన్ మార్గదర్శకాల్లోనూ రాత గురించిన అధ్యాయాలు ఉచితంగా చదవొచ్చు. మైక్రోసాఫ్ట్ తెలుగు కోసం ప్రత్యేకంగా ఒక స్టైల్ గైడ్ ప్రచురించింది. మర్యాద వాచకం, విరామ చిహ్నాలు, పదాల ఎంపిక ఎలా ఉండాలో అందులో ఉంటుంది. పుస్తకాల్లో టోరీ పాడ్‌మజర్‌స్కీ రాసిన 'స్ట్రాటజిక్ రైటింగ్ ఫర్ యూఎక్స్' ఒకటి, మైకేల్ మెట్స్, ఆండీ వెల్ఫిల్ కలిసి రాసిన 'రైటింగ్ ఈజ్ డిజైనింగ్' ఒకటి. ఇంగ్లిష్ సులువుగానే ఉంటుంది. వీటితోపాటు రోజుకొకటి చొప్పున మీ ఫోన్‌లో తికమక పెట్టిన తెరల స్క్రీన్‌షాట్లు తీసి దాచండి.

తర్వాతి రెండు నెలలు చేతిపని. ఫిగ్మా అనే డిజైన్ పరికరాన్ని ఉచితంగా వాడుకోవచ్చు. దానిలో తెర గీసి మాటలు మార్చడం వస్తే చాలు, బొమ్మలు వేయక్కర్లేదు. తెలుగులో నిజమైన పని కావాలంటే వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ మాటల్ని ట్రాన్స్‌లేట్‌వికీలో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ మాటల్ని మొజిల్లా వారి పొంటూన్‌లో స్వచ్ఛందంగా తెలుగు చేయొచ్చు. జీతం రాదు. కానీ 'నేను రాసిన మాట ఇక్కడ ఉంది' అని వేలెత్తి చూపించొచ్చు.

చివరి రెండు నెలలు పోర్ట్‌ఫోలియో. అంటే చేసిన పనుల సంచిక. సర్టిఫికెట్ కంటే ముందు అడిగేది దీన్నే. మూడు పనులు చాలు. ప్రతిదానిలో నాలుగు సంగతులు ఉండాలి: ఇబ్బంది ఏమిటి, ఎవరిని అడిగి తెలుసుకున్నారు, ఏం మార్చారు, మార్చాక ఏమైంది.

అందులో మొదటి పని మీ బడిలోనే దొరుకుతుంది. ప్రవేశ దరఖాస్తు తీసుకోండి. ఐదుగురు తల్లిదండ్రుల చేత నింపించి పక్కన కూర్చుని చూడండి. మధ్యలో సాయం చేయొద్దు. ఎక్కడ పెన్ను ఆగిందో రాసుకోండి. ఐదుగురు చాలా అంటే, ఐదుగురితో పరీక్షిస్తే వాడుక ఇబ్బందుల్లో సుమారు 85 శాతం బయటపడతాయని నీల్సన్ 2000లో లెక్కగట్టి చెప్పారు. ఇప్పుడు మాటలు మార్చి మరో ఐదుగురికి ఇవ్వండి. ఉదాహరణకు ఆన్‌లైన్ ఫారంలో 'చెల్లని ఇన్‌పుట్' అని వస్తోందనుకుందాం. దాని బదులు 'ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి. ఇందులో 9 ఉన్నాయి' అని రాయండి. 'మాతృభాష' అన్న గడి దగ్గర తల్లి ఆగితే, పక్కన 'ఇంట్లో మాట్లాడే భాష' అని ఒక వరుస చేర్చి చూడండి. ఎంతమంది ఆగకుండా నింపారో రెండుసార్లూ లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలే మీ పోర్ట్‌ఫోలియోకి ప్రాణం.

బయోడేటా కూడా తిరగరాయాలి. '8 ఏళ్లు 6, 7 తరగతులకు తెలుగు బోధన' అని ఉంటే ఎంపిక చేసేవారికి ఏమీ అందదు. 'ప్రవేశ దరఖాస్తులో తరచూ తప్పు పడే గడులను గుర్తించి సూచనలు మార్చి రాశాను, పదిమందితో పరీక్షించాను' అంటే వారి భాషలో చెప్పినట్టు. నిజంగా లెక్కపెట్టిన అంకె ఉంటేనే వేయండి. ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.

ముందే తెలియాల్సిన నిజాలు

ఒకటి, ఇంగ్లిష్ తప్పదు. మన దేశంలో ఈ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో రాసేవే. బృందంలో చర్చలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. పూర్తిగా తెలుగు మీదే ఆధారపడే స్థిరమైన ఉద్యోగాలు తక్కువ. లోకలైజేషన్ సంస్థల ద్వారా కాంట్రాక్టు మీద, మాటల లెక్కన వచ్చే పనే ఎక్కువ. కాబట్టి తెలుగును అదనపు బలంగా పెట్టుకుని, ఇంగ్లిష్‌లో సాదాగా, తప్పుల్లేకుండా రాయడం సాధన చేయాలి. గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు.

రెండు, కృత్రిమ మేధ వచ్చింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక బటన్ మీద పది రకాల మాటలు సెకన్లలో తయారవుతున్నాయి. మొదటి చిత్తు రాసే పని, నేరుగా అనువదించే పని తగ్గుతోంది. యంత్రం రాసినదాన్ని చదివి 'ఇది మా అవ్వకు అర్థం కాదు' అని చెప్పగలిగే మనిషి పని మిగులుతుంది. అంటే రాయడం మాత్రమే వచ్చినవారికి ఇబ్బంది, జనాన్ని గమనించడం వచ్చినవారికి చోటు. యంత్రాన్ని వాడడం కూడా నేర్చుకోవాల్సిందే.

మూడు, చట్టం వైపు నుంచి ఒక తలుపు తెరుచుకుంటోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, మన వివరాలు తీసుకునే సంస్థ ఇచ్చే నోటీసును ఇంగ్లిష్‌లోగానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు మనకు కల్పించాలి. ఆ భాషల్లో తెలుగు ఒకటి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి కార్యక్రమం కూడా సేవలను భారతీయ భాషల్లోకి తేవడానికే. దీనివల్ల ఎన్ని ఉద్యోగాలు వస్తాయని ఎవరైనా అంకె చెబితే నమ్మొద్దు. కానీ సంతకం పెట్టించే ముందు అర్థమయ్యే తెలుగు రాయగలవారి అవసరం పెరుగుతుందనడంలో సందేహం లేదు.

నాలుగు, డబ్బు జాగ్రత్త. 'మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ' అంటూ వేలకు వేలు ఫీజు అడిగే కోర్సులకు దూరంగా ఉండండి. ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బు అడిగేది ఉద్యోగం కాదు. ఎంపిక కోసం చిన్న పరీక్ష ఇవ్వడం మామూలే. కానీ ఇరవై ముప్పై తెరల పని ఉచితంగా చేయమంటే అది పరీక్ష కాదు, వెట్టి.

ఐదు, ఇది అందరికీ నప్పదు. ఒక వాక్యాన్ని పదిసార్లు మార్పించుకుంటే చిన్నబుచ్చుకునేవారికి కష్టం. కింద మీ పేరు ఉండదు. ఎంత బాగా రాస్తే అంత ఎవరి కంటా పడకుండా పోతుంది. మొదటి ఏడాది జీతం ఇప్పటి జీతం కంటే తక్కువ ఉండే అవకాశమూ ఉంది. ఇంట్లో ముందుగానే మాట్లాడుకోవాలి. ఊరు మారాలా, బెంగళూరుకో చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లాలా, ఇంటి నుంచి చేసే కాంట్రాక్టు పనితో మొదలుపెట్టాలా అన్నది కుటుంబం మొత్తం తేల్చుకోవాల్సిన విషయం. మారకుండా బడిలోనే ఉంటూ, సెలవుల్లో ఈ పని చేసుకోవడం కూడా ఒక దారే.

తరగతిలో ఒక పీరియడ్

ఉద్యోగం మారే ఆలోచన లేని టీచర్లకూ ఇది పనికొస్తుంది. 8, 9 తరగతుల పిల్లలతో ఒక పీరియడ్ చాలు.

ఇంట్లో పెద్దవారు వాడే ఏదో ఒక తెరను ఎంచుకోమనండి. గ్యాస్ బుకింగ్ సందేశం, బ్యాంకు ఎస్ఎంఎస్, ఏటీఎం తెర, బస్సు టికెట్ యాప్, ఏదైనా సరే. పిన్, ఓటీపీ, ఖాతా నంబర్లు ఎవరూ బడికి తీసుకురాకూడదని ముందే గట్టిగా చెప్పండి. తెర మీద ఉన్న మాటల్ని నోటు పుస్తకంలో రాసుకుని రావాలి.

తరగతిలో మూడు ప్రశ్నలు అడగండి. ఇది చదివాక అవ్వ ఏం చేస్తుంది? ఏ మాట దగ్గర ఆగుతుంది? నువ్వు పక్కన ఉంటే ఏమని చెబుతావు? మూడో ప్రశ్నకు పిల్లలు నోటితో చెప్పిన జవాబును ఉన్నదున్నట్టు బల్ల మీద రాయండి. దాన్ని పన్నెండు మాటలకు మించకుండా కుదించమనండి. గ్రాంథికం వద్దు, ఇంగ్లిష్ మాట వాడుకలో ఉంటే అలాగే ఉంచొచ్చు.

మరుసటి రోజు ఆ వాక్యాన్ని ఇంట్లో ముగ్గురికి చూపించి, అర్థమేమిటో వారి మాటల్లోనే చెప్పించుకుని రావాలి. ముగ్గురూ ఒకే అర్థం చెబితే వాక్యం నెగ్గినట్టు. ఒక్కరు తడబడినా మళ్లీ రాయాలి.

పిల్లలు రాసిన వాటిలో బాగున్న పది వాక్యాలను, పక్కన పాత వాక్యాలతో సహా, ఒక ఫైలులో పెట్టించండి. తేదీ, పిల్లల పేర్లు వేయండి. పన్నెండో తరగతి ముగించి ఏ కోర్సులో చేరాలా అని ఇంట్లో తర్జనభర్జన పడే రోజు, తల్లిదండ్రుల ముందు పెట్టడానికి ఆ ఫైలు ఒకటి ఉంటుంది.